వీడియో ఆగి ఆగి వస్తోందా? తప్పు నెట్‌దా, కంప్యూటర్‌దా ముందు తేల్చుకోండి

వీడియో ఆగిందంటే వెంటనే నెట్‌వాళ్లకు ఫోన్ కొడతాం. ఒక్క నిమిషం ఆగండి. బొమ్మ, మాట రెండూ ఆగి గుండ్రం తిరుగుతుంటే నెట్ చాలట్లేదు. మాట సాఫీగా వస్తూ బొమ్మ ఒక్కటే తడబడుతుంటే కంప్యూటర్ మోయలేకపోతోంది.

రూఢి చేసుకోవాలంటే యూట్యూబ్ వీడియో మీద మౌస్ కుడి బటన్ నొక్కి ‘స్టాట్స్ ఫర్ నెర్డ్స్’ తెరవండి. ‘బఫర్ హెల్త్’ (ముందుగానే దిగి ఉన్న వీడియో) సున్నాకు జారుతుంటే నెట్ సమస్య. ‘ఫ్రేమ్స్’ వరుసలో ‘డ్రాప్డ్’ (చూపించకుండా వదిలేసిన బొమ్మలు) అంకె పెరుగుతూ పోతుంటే కంప్యూటర్‌ది.

నెట్ అయితే

ల్యాన్ కేబుల్‌తో కంప్యూటర్‌ను నేరుగా రౌటర్‌కు కలిపి ఫాస్ట్ డాట్ కామ్‌లో స్పీడు చూడండి. నెట్‌ఫ్లిక్స్ లెక్కన 720పీకి 3, 1080పీకి 5, 4కేకి 15 ఎంబీపీఎస్ ఉండాలి. కేబుల్‌తో బాగుండి వైఫైలో పడిపోతే తప్పు ఇంట్లోనే ఉన్నట్టు. 5 గిగాహెర్ట్జ్ వైఫై వేగమైనదే గానీ గోడలు సరిగా దాటలేదు. పాలమూరు పల్లెల్లోని పాత రాతి గోడల ఇళ్లలో పక్క గదికే నీరసపడుతుంది. అక్కడ 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి మారండి, రౌటర్‌ను ఇనుప బీరువా పక్కనుంచి తీసి ఎత్తులో పెట్టండి. కంప్యూటర్ కదలని చోట ఉంటే క్యాట్ 5ఈ రకం ల్యాన్ కేబుల్ వేసుకోవడమే మేలు.

కేబుల్‌తోనూ స్పీడు రాకపోతే రౌటర్‌ను 30 సెకన్లు ఆపి మళ్లీ ఆన్ చేయండి. ఫైబర్ డబ్బా మీద ‘ఎల్‌ఓఎస్’ లైటు ఎర్రగా ఉంటే మాత్రం ఫైబర్ తెగిందో, ఎక్కడో గట్టిగా మడతపడిందో. అది మీ చేతిలో లేదు, ఇప్పుడు ఫోన్ చేయండి.

కంప్యూటర్ అయితే

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ చూడండి. వీడియో నడుస్తుండగా సీపీయూ (ప్రాసెసర్) వాడకం 90 శాతం దాటితే కారణం ఎక్కువగా ఇదే: యూట్యూబ్ వీడియోలను ఎక్కువగా వీపీ9, ఏవీ1 అనే కుదింపు పద్ధతుల్లో పంపుతుంది. పాత గ్రాఫిక్స్ చిప్‌కు తెలిసింది హెచ్.264 అనే పాత పద్ధతి వరకే. అందుకే బరువంతా ప్రాసెసర్ మీద పడుతుంది.

ముందు క్రోమ్ సెట్టింగ్స్‌లో ‘సిస్టమ్’ కింద గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ (వీడియో పనిని గ్రాఫిక్స్ చిప్‌కు అప్పగించే సెట్టింగు) ఆన్‌లో ఉందేమో చూడండి. ఉన్నా తడబడితే యూట్యూబ్ వీడియోలను హెచ్.264లోనే రప్పించే ఎక్స్‌టెన్షన్ ఏదైనా వేసుకోండి, లేదా నాణ్యత 720పీకి తగ్గించండి. 19 అంగుళాల మానిటర్‌లో ఆ తేడా పెద్దగా కనిపించదు.

పావుగంట బాగా ఆడి తర్వాత తడబడితే అది వేడి. మే నెలలో నల్లగొండ ఎండకు గదే కాగిపోతుంటే, ఫ్యాన్‌కు దుమ్ము పట్టిన ప్రాసెసర్ తనను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ప్లగ్గు తీసి, ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకుని, బ్లోయర్‌తో దుమ్ము ఊదండి.

ఇంకొన్ని

కరెంటు పోయి వచ్చాక ఏ సైటూ తెరుచుకోకపోతే తేదీ చూడండి. మదర్‌బోర్డు మీది సీఆర్2032 బిళ్ల బ్యాటరీ అయిపోతే తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది, బ్రౌజర్ ఆ సైట్ల భద్రతా సర్టిఫికెట్లను నమ్మదు. కొత్త బిళ్ల వేసి తేదీ సరిచేస్తే చాలు.

మాట వస్తూ తెర నల్లగా ఉంటే స్క్రీన్ రికార్డర్లు మూసేసి, గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ ఆపి చూడండి. ఒక్క సైటే మొరాయిస్తే కంట్రోల్, షిఫ్ట్, ఎన్ నొక్కి ఇన్‌కాగ్నిటోలో తెరవండి. అక్కడ ఆడితే ఏదో ఎక్స్‌టెన్షన్ అడ్డుపడుతుండొచ్చు, ఒక్కొక్కటే ఆపుతూ పట్టుకోండి. విండోస్ 7 వాడుతుంటే, క్రోమ్ 109తోనే దానికి కొత్త వెర్షన్లు ఆగిపోయాయి. అక్కడ సెట్టింగులతో కుస్తీ పట్టేకన్నా విండోస్ మార్చుకోవడమే దారి.