లేబుల్ నిబంధనలు మారుతుంటే చిన్న ఆహార యూనిట్ ఏం చేయాలి?

ఊరగాయలు, పొడులు, పిండివంటలు ప్యాక్ చేసి అమ్మేవాళ్లకు నిబంధన మారిన సంగతి ఆలస్యంగా తెలిస్తే మొదటి దెబ్బ గోడౌన్‌లో ఉన్న పౌచ్ రోల్స్ (ప్యాకెట్ల కోసం అచ్చు వేయించిన ఫిల్మ్ చుట్టలు) మీదే పడుతుంది. డబ్బు పోసి అచ్చు వేయించినవన్నీ తుక్కు కిందికి పోతాయి. లేబుల్ మీద ఏ మాట ఏ నిబంధన వల్ల ఉందో రాసి పెట్టుకుంటే ఈ నష్టం చాలావరకు తప్పుతుంది.

1. లేబుల్‌ను వరుసలుగా విడగొట్టండి

ఒక్కో ఉత్పత్తికి ఒక ఎక్సెల్ షీట్ చాలు. లేబుల్ మీది మాట యథాతథంగా, దాని నిబంధన, శాఖ, చివరిసారి సరిచూసిన తేదీ, ఆర్ట్‌వర్క్ వెర్షన్ నంబరు: ఇవీ కాలమ్‌లు.

పదార్థాల జాబితా, పోషక విలువల పట్టిక, వెజ్ గుర్తు, అలర్జీ సమాచారం, లైసెన్సు నంబరు వంటివి కేంద్ర ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020 లేబులింగ్ నిబంధనల్లో ఉంటాయి. నికర బరువు, ఎమ్మార్పీ, యూనిట్ ధర, ఫిర్యాదులకు ఫోన్ నంబరు వంటివి 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్ కిందివి. వీటిని చూసేది తూనికలు, కొలతల శాఖ. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఒక్కదాన్నే గమనించి ఈ రెండోదాన్ని వదిలేయకండి.

లేబుల్ మీద కనిపించని నిబంధనలకూ వరుస పెట్టండి. నూనెలు, కొవ్వుల్లో గుండెకు హాని చేసే ట్రాన్స్‌ఫ్యాట్ పరిమితి 2021 జనవరి 1 నుంచి 3 శాతానికి, ఏడాది తిరిగేసరికి 2 శాతానికి తగ్గింది. జంతికలు, కాజాలు వనస్పతిలో వేయించే యూనిట్లకు అది డిజైనర్ పని కాదు, సరకు కొనేవాళ్ల పని. సప్లయర్ దగ్గర టెస్ట్ రిపోర్టు అడగాల్సింది వాళ్లే.

2. వారానికి ఒక రోజు కేటాయించండి

సోమవారం ఉదయం అరగంట సరిపోతుంది. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ సైట్‌లో గెజిట్ నోటిఫికేషన్లు, ముసాయిదాలు, అడ్వైజరీలు వేర్వేరు చోట్ల ఉంటాయి. మూడూ తెరవాలి. తర్వాత కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ సైట్‌లో లీగల్ మెట్రాలజీ (తూనికలు, కొలతలు) పేజీ చూడండి. కొత్తది ఏమీ లేకపోయినా షీట్‌లో తేదీ వేయండి. ఈ పని ఒకరి పేరు మీదే ఉండాలి, వాళ్లు సెలవు పెడితే ఎవరు చూస్తారో కూడా ముందే తేల్చుకోవాలి. వాట్సాప్‌లో వచ్చిన ఫార్వర్డ్ చూసి లేబుల్ మార్చకండి.

3. వచ్చింది ముసాయిదానా, ఉత్తర్వా?

ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. చక్కెర, ఉప్పు, శాచురేటెడ్ ఫ్యాట్ వివరాలు పెద్ద, ముదురు అక్షరాల్లో వేయాలన్న ప్రతిపాదనకు 2024 జులైలో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆమోదం తెలిపింది. అప్పటికది అభ్యంతరాలు, సూచనలు కోరడానికి సిద్ధమైన ముసాయిదా మాత్రమే. అలాంటివి వచ్చినప్పుడు కొత్త అచ్చు వేయించక్కర్లేదు. షీట్‌లో పసుపు రంగు వేసి, మీ అభ్యంతరం ఉంటే గడువులోగా పంపండి.

తుది నోటిఫికేషన్ వస్తే ముందు అమలు తేదీ ఉన్న క్లాజు చదవండి. గెజిట్‌లో అచ్చయిన తేదీ, అమలు తేదీ చాలాసార్లు వేరుగా ఉంటాయి. తుది నోటిఫికేషన్ రాకముందే కొన్ని సవరణలను ప్రత్యేక ఆదేశంతో అమల్లోకి తెస్తారు, కాబట్టి అడ్వైజరీల పేజీ వదలకూడదు. ఆదేశం వెనక్కి పోవడమూ ఉంది. పాల ప్యాకెట్ల మీద ఏ1, ఏ2 (పాలలోని ప్రొటీన్ రకాలు) అన్న మాటలు తీసేయాలని 2024 ఆగస్టు 21న ఇచ్చిన ఆదేశాన్ని అదే నెల 26న ఉపసంహరించుకున్నారు. అందుకే ప్రింటర్‌కు ఆర్డర్ ఇచ్చే రోజు ఆ ఉత్తర్వు ఇంకా అమల్లో ఉందో లేదో మరోసారి చూడండి.

4. పౌచ్ ఆర్డర్‌ను జులై 1కి ముడిపెట్టండి

లేబుల్ సవరణలను ఏటా జులై 1 నుంచే అమలు చేయాలని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిర్ణయించుకుంది. నెలకు 8,000 పౌచ్‌లు వాడే యూనిట్ మార్చి మొదట్లో ఆర్డర్ పెడుతుంటే జూన్ చివరి వరకు 32,000 చాలు. ఎక్కువ వేయిస్తే రేటు తగ్గుతుందని లక్షకు పోవద్దు, ముఖ్యంగా తుది నోటిఫికేషన్ అప్పటికే వచ్చి ఉంటే.

చెక్కిన సిలిండర్లతో పౌచ్ ఫిల్మ్ మీద వేసే గ్రావ్యూర్ అచ్చులో ఒక్కో రంగుకు ఒక్కో సిలిండర్ ఉంటుంది. నిబంధనలకు సంబంధించిన అక్షరాలన్నీ నలుపులోనే పెట్టించండి. రేపు మార్పు వస్తే సాధారణంగా నలుపు సిలిండర్ ఒక్కటే మారుస్తారు. ఎమ్మార్పీ, యూనిట్ ధర, బ్యాచ్ నంబరు, తేదీలకు ఖాళీ చోటు వదిలి ప్యాకింగ్ సమయంలో ఇంక్‌జెట్‌తో కొట్టండి. 300 గ్రాముల ప్యాకెట్ ధర 150 రూపాయలైతే గ్రాముకు 0.50 అని రావాలి. ధర మార్చినప్పుడు ఇది మార్చడం మరిచిపోతుంటారు.

5. పాత స్టాక్ సంగతి

స్టిక్కర్ అతికిస్తే సరిపోతుందని మీకు మీరే అనుకోవద్దు. అనుమతి ఆ ఉత్తర్వులోనే ఉండాలి. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు మారినప్పుడు అమ్ముడుపోని సరకు మీద కొత్త ఎమ్మార్పీ స్టిక్కర్‌కు కేంద్రం అనుమతించింది, కానీ పాత ధర కనిపిస్తూనే ఉండాలని షరతు పెట్టింది. కొత్త పౌచ్ మొదలైన రోజు, బ్యాచ్ నంబరు రాసి, పాతది ఒకటి, కొత్తది ఒకటి ఫైల్‌లో పెట్టండి. తనిఖీకి వచ్చినవాళ్లు అడిగితే చూపించడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం లేదు.

6. విదేశాలకు పంపితే వేరే షీట్

మన అలర్జీ జాబితా చూసుకుని ఆవకాయను యూరప్‌కు పంపితే ఇబ్బందే. యూరోపియన్ యూనియన్ పేర్కొన్న 14 అలర్జీ పదార్థాల్లో ఆవాలు ఉన్నాయి, బ్రిటన్‌లోనూ అంతే. అమెరికా 2023 జనవరి 1 నుంచి నువ్వులను తన జాబితాలో చేర్చింది, కాబట్టి నువ్వుల పొడి, నువ్వులు వేసిన కారప్పొడి ప్యాకెట్ల మీద ఆ సంగతి స్పష్టంగా ఉండాలి. దేశానికో షీట్, దేశానికో వెర్షన్ నంబరు పెట్టుకుని, కంటెయినర్ బుక్ చేసే ముందు అక్కడి దిగుమతిదారుతో లేబుల్‌కు రాతపూర్వకంగా ఓకే తీసుకోండి.