లైసెన్స్ పరీక్షలో రోజుల లెక్క తప్పకుండా

టెక్సాస్‌లో లైఫ్, హెల్త్ ఇన్సూరెన్స్ ఏజెంట్ పరీక్ష రాయబోయేవాళ్లకి ఒక మాట. పాస్ కావాలంటే 70 రావాలి. నేను మొదటిసారి 67 దగ్గర ఆగిపోయాను. ముంచింది హెల్త్ పాలసీల్లోని రోజుల లెక్కలే. చదివినప్పుడు అన్నీ వచ్చినట్టే ఉంటాయి, స్క్రీన్ మీద నాలుగు ఆప్షన్లు చూడగానే కలగాపులగం అయిపోతాయి.

రెండోసారి బట్టీ మానేసి, బాబాయ్ మెట్ల మీంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాడని ఊహించుకున్నాను (పాపం, ఆయనకి తెలియదు). 20 రోజుల్లోపు కంపెనీకి కబురు చెప్పాలి. వాళ్లు 15 రోజుల్లో ఫారాలు పంపాలి. నష్టం రుజువులు 90 రోజుల్లో ఇవ్వాలి. డబ్బు రాకపోతే, రుజువులిచ్చాక 60 రోజులు ఆగి కోర్టుకి వెళ్లొచ్చు, 3 ఏళ్లు దాటితే వెళ్లడానికి లేదు. కథ వరుసలోనే అంకెలూ వచ్చేస్తాయి.

గ్రేస్ పీరియడ్ (ప్రీమియం గడువు దాటినా కట్టడానికి ఇచ్చే అదనపు రోజులు) మాత్రం విడిగా గుర్తుపెట్టుకోండి: ప్రీమియం వారానికోసారి కడితే 7 రోజులు, నెలకోసారైతే 10, మిగతావాటికి 31.

పరీక్ష మొదలవగానే, మొదటి ప్రశ్న చదవకముందే, రాసుకోవడానికి ఇచ్చిన బోర్డు మీద ఈ అంకెలన్నీ దించేయండి. ఇంకోటి, ప్రశ్నలో ‘నాట్’, ‘ఎక్సెప్ట్’ అనే మాటలు కనిపిస్తే రెండోసారి చదవండి. ఆ తొందరలో నావి కనీసం మూడు పోయాయి.