నాలుగైదు రోజులకే విదేశం వెళ్తున్నారా? ఏం చూడాలో తేల్చుకునే ముందు ఈ జాగ్రత్తలు

టికెట్లు బుక్ అయ్యాయి, వీసా వచ్చేసింది, చేతిలో ఉన్నది ఐదు రోజులు. "అంత దూరం పోతున్నాం, మళ్లీ ఎప్పటికి పోతామో" అనుకుంటూ కూర్చుంటే ఒక్క సాయంత్రంలో జాబితా పాతిక చోట్లకు పెరిగిపోతుంది. నేను మొదటిసారి అదే తప్పు చేశాను. ఐదు రోజుల్లో మూడు ఊళ్లు పెట్టాను. అందులో ఒక ఊరికి వెళ్లిందే అక్కడి మ్యూజియం కోసం, తీరా వెళ్తే ఆ రోజు దానికి వారపు సెలవు. మర్నాడు పొద్దున్నే మా రైలు. మూసిన గేటు ముందు నిలబడి మా అమ్మ "పోనీలే, బయటి నుంచైనా చూశాం కదా" అంది. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ మనసుకు కష్టంగానే ఉంటుంది, ఎందుకంటే రెండు నిమిషాలు వెబ్‌సైట్ చూసి ఉంటే సరిపోయేది.

ముందు రోజులు సరిగ్గా లెక్కపెట్టండి. ఐదు రోజులంటే ఐదు కాదు. దిగిన రోజు ఇమిగ్రేషన్ క్యూ, లగేజీ, ఊళ్లోకి ప్రయాణం, చాలా హోటళ్లలో గది ఇచ్చేది మధ్యాహ్నం రెండు మూడింటికి, పైగా నిద్ర లేని ఒళ్లు. చివరి రోజు విమానానికి మూడు గంటల ముందే ఎయిర్‌పోర్టులో ఉండాలి. అంటే నికరంగా మిగిలేది మూడు, మూడున్నర రోజులు. ఇక ఊరు మారిన ప్రతిసారీ సర్దుకోవడం, స్టేషన్‌కు పోవడం, కొత్త గది వెతుక్కోవడంతో సగం రోజు పోతుంది. నా మాట వింటే ఐదు రోజులకు ఒకటే ఊరు, మహా అయితే రెండు.

తర్వాత, వెళ్లేవాళ్లందరూ కూర్చుని ఒక్కొక్కరూ ఒక్కటే చెప్పాలి: ఏది చూడకుండా తిరిగొస్తే బాధపడతారు? అందరూ చూస్తారు కాబట్టి అనేది కారణం కాదు. చిత్రాలు, శిల్పాల మీద ఆసక్తి లేనివాళ్లు పేరున్న మ్యూజియంలో నాలుగు గంటలు నిలబడితే కాళ్లు నొప్పులు తప్ప మిగిలేదేమీ ఉండదు, అదే సమయం ఒక పాత వీధిలోనో నది ఒడ్డునో గడిపితే బాగుంటుంది. అలా తేలినవాటిని రోజుకు ఒక్కటి చొప్పున పెట్టుకుని, దాని చుట్టుపక్కల నడిచి వెళ్లగలిగినవి మాత్రమే కలపండి. ఊరికి ఈ కొసన ఒకటి, ఆ కొసన ఒకటి ఒకే రోజు పెట్టొద్దు.

సెలవుల విషయంలో మాత్రం ఏదీ ఊహించుకోకండి. పారిస్‌లో లూవ్ర్ మ్యూజియం మంగళవారం మూస్తారు, ఓర్సే మ్యూజియం, వెర్సాయ్ ప్యాలెస్ సోమవారం మూస్తారు. వాటికన్ మ్యూజియంలు మామూలుగా ఆదివారం ఉండవు, నెలలో చివరి ఆదివారం ఉచితంగా తెరుస్తారు, కానీ ఆ రోజు జనం విపరీతం. జపాన్‌లో చాలా మ్యూజియంలకు సోమవారం సెలవు, ఆ సోమవారం పండగ రోజైతే తెరిచి ఉంచి మంగళవారం మూసేస్తారు. చివరి ఎంట్రీ టైము కూడా చూసుకోండి, మూసే టైముకు అరగంటో గంటో ముందే లోపలికి పంపడం ఆపేస్తారు. ఇంకా ముఖ్యమైనది మరమ్మతులు. 2019 ఏప్రిల్‌లో అగ్ని ప్రమాదం జరిగాక పారిస్ నోత్రదామ్ చర్చి మళ్లీ తెరుచుకున్నది 2024 డిసెంబరులో. బెర్లిన్‌లో పెర్గమాన్ మ్యూజియాన్ని మరమ్మతుల కోసం 2023 అక్టోబరులో పూర్తిగా మూసేశారు. పాత వీడియో చూసి ప్లాన్ వేసుకుంటే ఇలాంటివి తెలియవు, ఆ సంస్థ సొంత వెబ్‌సైటే చూడాలి.

టికెట్ల దగ్గర చాలామంది నష్టపోయేది "అక్కడికి వెళ్లాక కొనుక్కుందాం" అనే ధీమాతో. కొన్ని చోట్ల అది కుదరనే కుదరదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో, నాజీల కాలంలో దాక్కుని డైరీ రాసిన యూదు బాలిక ఆన్ ఫ్రాంక్ ఇంటికి టికెట్ ఆన్‌లైన్లో మాత్రమే దొరుకుతుంది. మిలాన్‌లో లియొనార్డో గీసిన 'లాస్ట్ సప్పర్' దగ్గరికి కొద్దిమందినే బృందాలుగా పంపి పదిహేను నిమిషాలే ఉండనిస్తారు, ఆ టికెట్లు చాలా ముందే అయిపోతాయి. స్పెయిన్‌లో అల్హంబ్రా కోట లోపలి నస్రిద్ ప్యాలెస్‌లకు టికెట్ మీద వేసిన టైముకే వెళ్లాలి, టికెట్ మీద పేరు ఉంటుంది కాబట్టి పాస్‌పోర్టు దగ్గర ఉండాలి. పెరూ దేశంలోని ఇంకాల పాత కొండనగరం మాచు పిచ్చులో టైముతో పాటు ఏ దారిలో నడవాలో కూడా టికెట్‌లోనే ఉంటుంది, తప్పు దారి టికెట్ కొంటే మీరు ఫోటోల్లో చూసిన ఆ దృశ్యం కనిపించకపోవచ్చు. మీ ప్రయాణానికి అసలు కారణం ఇలాంటి చోటే అయితే వరస మార్చండి: ముందు దాని టికెట్, దాన్ని బట్టి మిగతా రోజులు. అచ్చం అసలు వెబ్‌సైట్‌లా కనిపించే, టికెట్లు తిరిగి అమ్మే రీసేల్ సైట్లు ఇంటర్నెట్ వెతుకులాటలో పైనే వస్తుంటాయి, చిరునామా చదివి గానీ డబ్బు కట్టకండి.

"ఒక్క రోజులో పోయి వచ్చేయొచ్చు" అన్న మాట విన్నప్పుడల్లా గంటలు లెక్కేయండి. ఈజిప్టులో అస్వాన్ ఊరి నుంచి పురాతన గుడులున్న అబూ సింబెల్ దాదాపు 300 కిలోమీటర్లు, పోను రాను కలిపి ఏడు గంటల దాకా ఎడారి రోడ్డే. న్యూజిలాండ్‌లో క్వీన్స్‌టౌన్ నుంచి కొండల మధ్య సముద్రపు పాయ మిల్ఫర్డ్ సౌండ్ కూడా దాదాపు అంతే దూరం. జోర్డాన్‌లో రాతిలో చెక్కిన పాత నగరం పెట్రా అయితే రాజధాని అమ్మాన్ నుంచి రోడ్డు మీద మూడు గంటలు, అక్కడికి చేరాక ఇరుకైన లోయలో కిలోమీటరుకు పైగా నడక, ఇంకా లోపలున్న మొనాస్టరీ చూడాలంటే ఎనిమిది వందల దాకా మెట్లు. ఇవి వద్దని కాదు, అబూ సింబెల్ కోసం ఒక రోజు ఇచ్చినా తప్పులేదు, కానీ ఆ రోజు ఇంకేదీ పెట్టొద్దు. పెద్దవాళ్లు ఉంటే పెట్రాకు రాత్రి బసతో వెళ్లండి.

కొండలూ ఆకాశమూ మన చేతిలో లేనివి. స్విట్జర్లాండ్‌లో రైలెక్కి వెళ్లే మంచు కనుమ యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ 3,454 మీటర్ల ఎత్తు, టికెట్ బాగా ఖరీదు, మబ్బు పడితే పైన తెల్లగోడ తప్ప ఏమీ కనిపించదు. పొద్దున లేచి అక్కడి లైవ్ కెమెరా చూసుకుని అప్పుడు కొనండి. ఇలాంటివాటిని ప్రయాణం మొదట్లోనే పెట్టుకుంటే, ఒక రోజు చెడినా ఇంకో రోజు మిగులుతుంది. వెలుతురు కూడా చూడాలి: డిసెంబరులో లండన్‌లో సాయంత్రం నాలుగు కాకముందే పొద్దు గూకుతుంది. నార్వేలోని ట్రోమ్సోకు జూన్‌లో వెళ్తే రాత్రే ఉండదు, ఇక రాత్రి ఆకాశంలో కనిపించే రంగుల వెలుగులు, నార్తర్న్ లైట్స్ ఎక్కడ?

ఆరోగ్యం సంగతి తేలిగ్గా తీసుకోకండి. తక్కువ రోజుల ప్రయాణంలో శరీరానికి అలవాటు పడే టైము ఇవ్వం, అదే ప్రమాదం. మాచు పిచ్చుకు వెళ్లేవాళ్లు ముందు దిగే కుస్కో ఊరు దాదాపు 3,400 మీటర్ల ఎత్తులో ఉంది, మాచు పిచ్చు దానికంటే దాదాపు వెయ్యి మీటర్లు కింద. అందుకే కుస్కోలో దిగిన రోజే ఎక్కువ తిరక్కుండా నేరుగా కిందికి పోయి, కుస్కోను చివరికి ఉంచుకోవడం మంచిది. తలనొప్పి, వాంతులు, ఆయాసం పెరుగుతుంటే ఇంకా పైకి పోవద్దు, కిందికి దిగాలి. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లు టికెట్ కొనకముందే డాక్టర్‌ని అడగాలి. స్కూబా డైవింగ్ చివరి రోజు అసలు పెట్టకండి, ఆఖరి డైవ్‌కీ విమానానికీ మధ్య ఒక రోజు ఖాళీ ఉంచితే నిశ్చింత.

పక్క దేశం కూడా చూసొద్దామనుకుంటే వీసా కాగితం మళ్లీ చదవండి. పారిస్ నుంచి లండన్ రైల్లో రెండున్నర గంటల లోపే, కానీ ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపు షెంగెన్‌లో బ్రిటన్ లేదు. దానికి వేరే వీసా కావాలి. మీ షెంగెన్ వీసా సింగిల్ ఎంట్రీ అయితే లండన్ నుంచి వెనక్కి పారిస్ రావడానికి అది పనికిరాదు. అక్కడ చిక్కుకుంటే టెన్షన్ మామూలుగా ఉండదు. అలాగే ఆ దేశం పండగలు చూసుకోండి. చైనాలో అక్టోబరు మొదటి వారం, జపాన్‌లో ఏప్రిల్ చివర, మే మొదట్లో వరస సెలవులతో వచ్చే గోల్డెన్ వీక్‌లో రైళ్లూ హోటళ్లూ కిక్కిరిసి ఉంటాయి.

ఆఖరి రాత్రి విమానం ఎక్కే ఊళ్లోనే ఉండండి. దీవి మీద ఉంటే గాలి ఎక్కువై పడవ ఆగిపోవచ్చు, దాని వెనకే విమానమూ పోతుంది.

ఇంకొకటి, ఇది నేను ఇప్పుడు ప్రతిసారీ చేస్తున్నాను. బయల్దేరే ముందే జాబితా పక్కన అంకెలు వేస్తాను: టైము చాలకపోతే ముందు వదిలేసేది ఏది, తర్వాతది ఏది అని. అక్కడికి పోయాక, అలసిపోయి, రోడ్డు మధ్యలో నిలబడి తేల్చుకోబోతే ఇంట్లోవాళ్ల మధ్య మాటా మాటా పెరుగుతుంది. మొన్నటి ప్రయాణంలో మూడో రోజు వాన పట్టుకుంది. జాబితా తీసి రెండు చోట్లు కొట్టేశాం, అమ్మ అడిగిన ఒక్క తోట మాత్రం ఉంచాం, గొడుగు పట్టుకుని సాయంత్రం దాకా అక్కడే ఉన్నాం.