మన కతోలిక గుడిలో బెనెడిక్ట్ పాపు గారి గురించి పది నిమిషాలు చెప్పాలంటే

డిసెంబర్ 31 రాత్రి పూజకి మన లంక ఊళ్ళల్లో జనం ఎప్పుడో వచ్చి కూర్చుంటారు కదా, పదహారో బెనెడిక్ట్ పాపు గారు (అంటే పోప్, కతోలిక సంఘానికి పెద్ద) 2022లో చనిపోయింది కూడా ఆ రోజే, అందుకని ఫాదర్ గారినడిగి పూజకి ముందు ఓ పది నిమిషాలు తీసుకోండి.

1927లో బవేరియాలో పుట్టారు, అసలు పేరు జోసెఫ్ రాట్జింగర్, నాన్న పోలీసు, 1951లో అన్న జార్జ్‌తో కలిసి ఒకే రోజు గురుపట్టం తీసుకున్నారు, అంటే ఫాదర్లయ్యారు. ఇదంతా రెండు ముక్కల్లో అయిపోవాలి, పదవుల లిస్టు మొదలెట్టారంటే వెనక కుర్రాళ్ళు ఫోన్లు తీసేస్తారు.

నన్నడిగితే థీసిస్ సంగతి దగ్గర ఆగి నిదానంగా చెప్పండి. ప్రొఫెసర్ అవ్వడానికి పాతకాలపు వేదాంతి పునీత (సెయింట్) బొనవెంచర్ గారి మీద రాసింది ఒక పరీక్షకుడు ఒప్పుకోలేదు, వెనక్కొచ్చేసింది, అప్పటికే ముసలి అమ్మానాన్నల్ని తన దగ్గరకి తెచ్చేసుకున్నారు, ఉద్యోగం పోతే వాళ్ళనెక్కడ పెట్టాలా అని ఆయన పడ్డ దిగులు మామూలుది కాదు. చివరి భాగం ఒక్కటీ గట్టిగా ఉందని దాన్నే సరిచేసి మళ్ళీ ఇస్తే 1957లో పాసయ్యారు. బ్యాక్‌లాగ్‌లున్న పిల్లలు ప్రతి గుడిలోనూ ఉంటారండీ, వాళ్ళకి ఇది వినపడాలి.

ఆయన్ని క్రైస్తవ వేదాంతి అంటారు, అంటే ఏంటని ఎవరైనా అడిగితే, నమ్మినదాన్ని బుద్ధితో కూడా అర్థం చేసుకోవాలని తపించేవాడు అనండి. ప్రపంచంలోని బిషప్పులు కూడిన రెండో వాటికన్ మహాసభకి కొలోన్ కార్డినల్ గారి సలహాదారుగా వెళ్ళేటప్పటికి ఆయనకింకా 35 ఏళ్ళే. 1976లో మన ఏలూరు పీఠం (డయోసీస్) ఏర్పడితే, ఆ మరుసటేడే ఆయన మ్యూనిక్ ఆర్చ్‌బిషప్ అయ్యారు, అలా కలిపి చెప్తే పెద్దవాళ్ళకి ఆ కాలం గుర్తొస్తుంది. 1981 నుంచి రోమ్‌లో విశ్వాస సిద్ధాంతాల విభాగానికి పెద్ద, 2005లో పాపు గారు, 2008లో కేరళ అల్ఫోన్సమ్మ గారిని పునీతురాలిగా ప్రకటించింది ఈయనే.

చిన్నపిల్లల మీద కొందరు ఫాదర్లు చేసిన అఘాయిత్యాల గురించి ఎవరైనా అడిగితే మాత్రం దాటేయొద్దు. ఆయన మ్యూనిక్‌లో ఉన్నప్పటి కేసుల్లో ఆయన్ని తప్పుపడుతూ 2022లో రిపోర్టొచ్చింది, ఆయన క్షమించమని లేఖ రాశారు, ఉన్నదున్నట్టు చెప్పండి.

2013లో ఒంట్లో శక్తి చాలట్లేదని పదవి వదిలేశారు, తనంతట తాను అలా దిగిపోయిన పాపు గారు అంతకుముందు 1294లో ఐదో సెలస్టీన్. ఇదయ్యాక ఎన్నికైన రోజు బాల్కనీలోంచి అన్న మాటకి తిరిగి రండి, ప్రభువు ద్రాక్షతోటలో ఓ సామాన్య కూలీని అన్నారాయన. కోతలకెళ్ళొచ్చినోళ్ళు ఎదురుగా కూర్చునుంటారు, ఆ మాట మెల్లగా చెప్పి దిగిపోండి, పూజకి గంట కొట్టేస్తారు.