చేత్తో రాసిన అసెంబ్లీ కంపైలర్‌ను దాటలేకపోతే: సమస్య - పరిష్కారం

సమస్య: పూర్ణాంకాల శ్రేణిని కూడే లూప్‌ను ఎక్స్86 అసెంబ్లీలో, అంటే ఇంటెల్ తరహా ప్రాసెసర్ ఆదేశాలను నేరుగా రాసే భాషలో, శ్రద్ధగా రాసుకున్నారు. అయినా సీలో రాసిన నాలుగు పంక్తులను జీసీసీ అనే కంపైలర్‌తో ఓ3 స్థాయిలో (కోడ్‌ను వేగం కోసం బాగా మెరుగుపరిచే అమరికలో) కంపైల్ చేస్తే అవే వేగంగా నడుస్తున్నాయి.

కారణం: కంపైలైన ఫైలులోని ఆదేశాలను చూపే ఆబ్జ్‌డంప్ అనే సాధనంతో రెండింటినీ విప్పి పక్కపక్కన పెట్టి చూడండి. మీ లూప్ ఒక్కో సంఖ్యను విడిగా కూడుతుంటే, కంపైలర్ 128 బిట్ల రిజిస్టర్‌లో (ప్రాసెసర్ లోపలి చిన్న నిల్వ గదిలో) నాలుగు 32 బిట్ల సంఖ్యలు నింపి ఒకే ఆదేశంతో కలిపేస్తోంది. పైగా ‘లూప్’ అనే ఆదేశం చూడటానికి పొట్టిగా ఉన్నా, ఇంటెల్ ప్రాసెసర్లలో అది డెక్ (ఒకటి తగ్గించు), జేఎన్‌జెడ్ (సున్నా కాకపోతే వెనక్కి దూకు) అనే ఆదేశాల జంట కంటే ఎంతో నెమ్మది.

పరిష్కారం: మీ అసెంబ్లీని తీసేసి సీ కోడ్‌నే ఉంచుకోండి.

సమస్య: అదే కూడికను ఫ్లోట్ (దశాంశ భాగముండే) సంఖ్యలకు మారిస్తే మీ కోడ్, కంపైలర్ కోడ్ రెండూ సమానంగా ఈడుస్తున్నాయి.

కారణం: ప్రతి కూడికా దాని ముందటి కూడిక ఫలితం కోసం కాచుకొని ఉంటుంది. 2015లో వచ్చిన ఇంటెల్ స్కైలేక్‌లో ఒక ఫ్లోట్ కూడిక ఫలితం రావడానికి 4 సైకిళ్లు (ప్రాసెసర్ గడియారపు టిక్కులు) పడుతుంది, కానీ ఆ ప్రాసెసర్ సైకిల్‌కు 2 కూడికలు మొదలుపెట్టగలదు. కాబట్టి ఒకే రిజిస్టర్‌లో కూడుతూ పోయినంతసేపూ దాని సామర్థ్యంలో ఎనిమిదో వంతే వాడుకుంటున్నట్టు. కంపైలర్‌కు ఈ సంగతి తెలియక కాదు. ఫ్లోట్ కూడికలో వరుస మారితే చివరి అంకెలు మారవచ్చు కనుక, మీరు చెప్పనిదే అది వరుస మార్చదు. మనిషికి నిజంగా పైచేయి దొరికే చోట్లలో ఇదొకటి.

పరిష్కారం: ఎనిమిది వేర్వేరు రిజిస్టర్లలో కూడి, లూప్ ముగిశాక వాటిని కలపండి. చివరి అంకెల తేడాను మీ లెక్క భరించగలిగితే సీ కోడ్‌నే ఉంచుకొని కూడికల వరుస మార్చుకోవడానికి కంపైలర్‌కు అనుమతినిచ్చే ఫాస్ట్ మ్యాథ్ ఐచ్ఛికం ఇవ్వవచ్చు. అయితే అనంతం వంటి విలువలు రానే రావని కూడా అది అనుకుంటుంది కనుక, ప్రోగ్రామ్ అంతటికీ కాక ఆ ఒక్క ఫైలుకే ఇవ్వడం క్షేమం.

సమస్య: సీ మధ్యలో ఇమిడ్చిన అసెంబ్లీ మెరుగులేవీ చేయని ఓ0 స్థాయిలో సరైన జవాబిస్తోంది, మెరుగులు చేసే ఓ2లో తప్పుతోంది.

కారణం: కంపైలర్ ఆ ముక్కలోని ఆదేశాలను చదవదు, దాని పక్కన మీరిచ్చిన జాబితాలనే నమ్ముతుంది. పాయింటర్ ద్వారా మెమరీని మార్చిన సంగతి వాటిలో లేకపోతే, రిజిస్టర్‌లో మిగిలిన పాత విలువనే వాడేసుకుంటుంది.

పరిష్కారం: ఆ ముక్క ఏమేం మారుస్తుందో చెప్పే క్లాబర్ జాబితాలో ‘మెమరీ’ చేర్చండి. ఆ ముక్కకు ముందు వొలటైల్ అనే పదం రాస్తే చాలదు. అది ఆ ముక్కను తొలగించకుండా కాపాడుతుందే గానీ, మెమరీ మారిందని చెప్పదు. ఇలాంటి ముక్కలు పెరిగిపోతుంటే ఇంట్రిన్సిక్స్‌కు, అంటే ఒక్కో ప్రాసెసర్ ఆదేశానికి సీలో ఉండే ఫంక్షన్లకు, మారండి: ఏ ఆదేశం కావాలో మీరే కోరుకోవచ్చు, రిజిస్టర్ల పంపకం కంపైలర్ చూసుకుంటుంది.