పచ్చబొట్టు కళాకారుల మీద సొంత డాక్యుమెంటరీ – నాలుగో పాఠం: సూది ఆడే వేళ

మూడో పాఠం నాటికి మనుషులు కుదిరారు, అనుమతి పత్రాల మీద సంతకాలు అయ్యాయి. ఇక షాపులోకి కెమెరా తీసుకెళ్ళడమే. ఈ పాఠమంతా ఒక్క సెషన్ గురించే. కస్టమర్ కుర్చీలో కూర్చున్న దగ్గర్నుంచి, చేతికి ప్లాస్టిక్ చుట్టించుకుని లేచేదాకా. అరచెయ్యంత బొమ్మకు మామూలుగా రెండు మూడు గంటలు పడుతుంది.

పచ్చబొట్టుకు రెండో టేకు ఉండదు. "అన్నా, ఫోకస్ పోయింది, ఆ గీత ఇంకోసారి గియ్యి" అని అడగలేం, అడగనూ కూడదు. ఆ భయంతో కొత్తవాళ్ళు మొదటి నిమిషం నుంచి చివరిదాకా రికార్డింగ్ ఆపరు. 4కే వీడియో సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున గంటకు 45 జీబీ తింటుంది. 128 జీబీ కార్డు మూడో గంట నిండకుండానే అయిపోతుంది. సరిగ్గా చివరి తుడుపు దగ్గర కార్డు మార్చుకుంటూ ఉంటారు.

అందుకని సెషన్ మొదలవక ముందే దాన్ని రెండు రకాలుగా విడదీసుకోండి. కొన్ని ఒక్కసారే జరుగుతాయి: స్టెన్సిల్ కాగితం (బొమ్మ గీతలను చర్మం మీదికి ఎక్కించేది) ఊడదీయడం, మొదటి గీత, చివరి తుడుపు, కస్టమర్ అద్దంలో చూసుకోవడం. ఇంతే, నాలుగు. మిగతావన్నీ మళ్ళీ మళ్ళీ వస్తాయి. సూదిని రంగు కప్పులో ముంచడం, గీయడం, టిష్యూతో తుడవడం, వ్యాజిలిన్ రాయడం నిమిషానికోసారి జరుగుతూనే ఉంటాయి. మొదటి రకానికి ముందే కాచుకుని ఉండాలి. రెండో రకం తీరిగ్గా, ఒక్కో కోణంలో ఒక్కోసారి తీసుకోవచ్చు.

స్టెన్సిల్ ఘట్టాన్ని దగ్గరగా చూద్దాం. ఆర్టిస్టు రేజరుతో వెంట్రుకలు తీసి, చర్మం శుభ్రంగా తుడిచి, స్టెన్సిల్ జెల్ పల్చగా రాసి, కాగితం అద్ది, అరచేత్తో నొక్కిపెడతారు. తర్వాత ఒక అంచు పట్టుకుని మెల్లగా లాగుతారు. శంఖుచక్రాలో, గోవింద నామమో ఊదారంగు గీతల్లో చర్మం మీద తేలుతుంది. ఆ లాగడం మూడు నాలుగు సెకన్లలో అయిపోతుంది. ఏ వైపు నుంచి లాగుతారో ముందే అడిగి తెలుసుకోండి. కుడిచేతి వాటం వాళ్ళయితే చెయ్యి కుడి నుంచి వచ్చి బొమ్మను కప్పేస్తుంది కాబట్టి కెమెరా వాళ్ళ ఎడమ భుజం వైపు ఉండాలి. బొమ్మ వంకరగా పడితే స్పిరిట్‌తో తుడిచేసి మళ్ళీ వేస్తారు. సెషన్ మొత్తంలో రెండో అవకాశం దొరికేది అక్కడ ఒక్కచోటే. అలా తుడిచి వేసినప్పుడు కెమెరా ఆపొద్దు. కళాకారుడి పట్టింపు కనబడేది అందులోనే.

ఆ తర్వాత మొదటి గీత. ఒక్క కెమెరానే ఉంటే దాన్ని చర్మం మీద పెట్టాలా, కస్టమర్ ముఖం మీద పెట్టాలా? ముఖం మీదే పెట్టండి. చర్మం మీద గీత పడటం పది నిమిషాల తర్వాతా దొరుకుతుంది. మొదటిసారి సూది తగిలినప్పుడు పళ్ళు బిగబట్టడం, కళ్ళు మూయడం, "ఇంతేనా?" అని నవ్వడం మళ్ళీ రావు. పది నిమిషాల కల్లా ఒళ్ళు ఆ నొప్పికి అలవాటుపడుతుంది.

ఎడిటింగులో చాలామంది బోల్తా కొట్టేది ఇక్కడే: చర్మం మారిపోతూ ఉంటుంది. పావుగంటకే గీతల చుట్టూ ఎర్రబడి ఉబ్బుతుంది. గ్లోవ్స్ మీద రంగు మరకలు పెరుగుతాయి, రంగు కప్పులు ఖాళీ అవుతాయి, స్టెన్సిల్ ఊదా గీతలు ఒక్కొక్కటే చెరిగిపోతాయి. రెండో గంటలో తీసిన క్లోజప్పును మొదటి గంట మాటల మధ్య అతికిస్తే చూసేవాళ్ళకు కారణం తెలియకపోయినా ఏదో తేడాగా అనిపిస్తుంది. ప్రతి షాటు ముందు గోడ గడియారాన్ని గానీ ఫోన్ తెరను గానీ ఒక సెకను తీసి పెట్టుకుంటే, ఎడిటింగులో వరస తప్పదు. చర్మం కనబడని షాట్లు మాత్రం ఎక్కడైనా అతుకుతాయి. పెడల్ మీద పాదం, కుర్చీ చెయ్యిని బిగించి పట్టుకున్న వేళ్ళు, ఆర్టిస్టు కళ్ళు, గోడ మీది డిజైన్ల ఆల్బమ్, కిటికీలోంచి శేషాచలం కొండ. ఇవి కనీసం పదిహేను తీయండి, ఒక్కోటి పది సెకన్లకు తగ్గకుండా. ఎడిటింగులో గట్టెక్కించేది ఇవే.

ఇక షట్టర్ లెక్క, అంటే ఒక్కో ఫ్రేముకు కెమెరా ఎంతసేపు వెలుగు తీసుకుంటుందన్నది. మన కరెంటు 50 హెర్ట్జ్. షాపు ట్యూబ్‌లైట్లు, చవక ఎల్ఈడీలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. కంటికి తెలియదు గానీ కెమెరాలో నల్లపట్టీలు పాకుతాయి. సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెడితే ఒక్కో ఫ్రేములో సరిగ్గా రెండు మినుకులు పడి పట్టీలు మాయమవుతాయి. 1/100 కూడా పర్వాలేదు. ఫోన్లు మామూలుగా 30 ఫ్రేములు పెట్టుకుని షట్టర్‌ను వాటంతటవే మార్చుకుంటాయి, 1/60 లాంటిది పడితే అక్కడే చెడుతుంది. షట్టర్ చేత్తో పెట్టుకునే యాప్ వాడండి. ఆర్టిస్టు టేబుల్ ల్యాంపుకు వెలుగు తగ్గించే మీట ఉంటే పూర్తిగా పైకి తిప్పమనండి. చాలా ల్యాంపులు దీపాన్ని వేగంగా ఆర్పి వెలిగిస్తూ వెలుగు తగ్గిస్తాయి కాబట్టి తగ్గించిన దీపం ఒక్కోసారి ఏ షట్టర్‌కూ లొంగదు.

సూది సెకనుకు రమారమి వందసార్లు ఆడుతుంది. 1/50 దగ్గర అది పొగలాంటి చారగా కనబడుతుంది, నిజంగా కంటికి కనబడేదీ అంతే. సూది మొన స్పష్టంగా కావాలని షట్టర్‌ను 1/1000కు పెంచితే ఇంకో చిక్కు. సూది వేగం ఫ్రేముల లెక్కకు సరిపడితే ప్రతి ఫ్రేములోనూ అది ఒకే చోట చిక్కి, ఆగిపోయినట్టో, నెమ్మదిగా తేలుతున్నట్టో కనిపిస్తుంది. మిషను పాడైందేమో అనుకుంటారు చూసేవాళ్ళు. స్లో మోషన్ మీద ఆశ ఉంటే 100 ఫ్రేములు, 1/100 షట్టర్ వాడండి, వెలుగు ఒక స్టాపు, అంటే రెట్టింపు, పెంచండి. అదీ మొత్తం సినిమాకు ఒక షాటు చాలు.

ఫోకస్ ఆటోలో వదలొద్దు. నల్ల గ్లోవ్స్, కదిలే మిషను చూసి అది ముందుకీ వెనక్కీ వెతుకుతూనే ఉంటుంది. ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరా మీద 90 లేదా 100 ఎంఎం మాక్రో లెన్సుతో (చిన్నవాటిని దగ్గర్నుంచి తీసేది) అర మీటరు నుంచి తీస్తే, లెన్సు రంధ్రం ఎఫ్/2.8కు తెరిచినప్పుడు స్పష్టంగా ఉండేది సుమారు రెండు మిల్లీమీటర్ల లోతు. కస్టమర్ ఊపిరి పీల్చినా పోతుంది. రంధ్రాన్ని ఎఫ్/8కు చిన్నది చేస్తే ఆరేడు మిల్లీమీటర్లు దొరుకుతుంది, పని జరుగుతుంది. ఎక్స్‌పోజర్ కూడా చేత్తోనే. ఫ్రేములో నల్ల గ్లోవ్స్ ఎక్కువయ్యేసరికి ఆటో మోడ్ వెలుగు పెంచి చర్మాన్ని పాలిపోయేలా చేస్తుంది. చామనచాయ చర్మానికి వెలుగు పడిన చోట కెమెరా వెలుగు కొలత 45 నుంచి 55 శాతం మధ్య ఉంచండి. తెల్ల టిష్యూ వివరాలు పోయి ఉత్త తెల్లగా కనబడినా ఫర్లేదు.

వెలుగుకు ఒక్క ఎల్ఈడీ ప్యానెల్ చాలు, సీఆర్ఐ (రంగులు ఎంత నిజంగా కనబడతాయో చెప్పే కొలత) 95 దాటినది, 5600 కెల్విన్ (పగటి వెలుగు రంగు). ఆర్టిస్టు చేతికి ఎదుటి వైపు నుంచి, 45 డిగ్రీల ఎత్తులో పెట్టండి. అదే వైపు పెడితే చేతి నీడ సరిగ్గా గీత మీద పడుతుంది. వ్యాజిలిన్ రాసిన చర్మం తళతళలాడి రంగునంతా మింగేస్తుంది. లెన్సు ముందు పోలరైజర్ (మెరుపు తగ్గించే ఫిల్టర్) పెట్టి తిప్పి చూడండి, ఒకటిన్నర స్టాపు వెలుగు పోయినా గీతలు తేటగా కనబడతాయి. మెరుపు మొత్తం తీసేయొద్దు, చర్మం ప్లాస్టిక్ బొమ్మలా తయారవుతుంది.

శబ్దం దగ్గర ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే పచ్చబొట్టు సినిమాలు ఎక్కువగా పాడయ్యేది దృశ్యం వల్ల కాదు, శబ్దం వల్ల. మిషను రొద మూల స్వరం వంద హెర్ట్జ్ ప్రాంతంలో ఉంటుంది, మగవాళ్ళ గొంతూ అక్కడే. దాని పై స్వరాలు మాటల మధ్యలోకి పాకుతాయి. కాబట్టి ఎడిటింగులో లో-కట్ (కింది స్వరాలను కోసే ఫిల్టర్) పెట్టి తీసేద్దామంటే కుదరదు, గొంతు కూడా సన్నబడిపోతుంది. మార్గం ఒక్కటే. ముఖ్యమైన మాటలు మిషను ఆగినప్పుడు రాబట్టాలి. రంగు మార్చేటప్పుడు, సూది మార్చేటప్పుడు, టీ తాగేటప్పుడు ఆర్టిస్టులు వాళ్ళంతట వాళ్ళే మాట్లాడతారు, ప్రశ్న అప్పుడు వెయ్యండి. గీత గీసేటప్పుడు ప్రశ్న వేసి వాళ్ళ చూపు చెదరగొట్టడం కస్టమర్‌కు అన్యాయం.

కాలర్ మైకు గడ్డానికి జానెడు కింద, ఆప్రాన్ లోపల కాకుండా బయట పెట్టండి. ప్లాస్టిక్ ఆప్రాన్ కదిలినప్పుడల్లా గరగరలాడుతుంది. రికార్డింగ్ సెట్టింగు 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ పెట్టి, మాట గట్టిదనం మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా చూడండి. తీగచుట్ట అయస్కాంతంతో నడిచే కాయిల్ మిషన్లలో విద్యుత్ స్పర్శ తెగుతూ కలుస్తూ నిప్పురవ్వలు రేపుతుంది. వైర్‌లెస్ రిసీవర్‌ను, మైకు తీగను దానికి దూరంగా ఉంచకపోతే చిటపటలు రికార్డవుతాయి. మోటారుతో నడిచే పెన్ను ఆకారపు రోటరీ మిషన్లతో ఈ బాధ తక్కువ.

మిషను ఒక్కదాన్నే, ఎవరూ మాట్లాడకుండా, రెండు నిమిషాలు విడిగా రికార్డు చేయండి. ఒకటి గీత గీసేటప్పటిది, ఇంకొకటి రంగు నింపేటప్పటిది, రెంటి రొదా వేరు. మిషను ఆపాక ఖాళీ గది నిశ్శబ్దం ఒక నిమిషం. ఎడిటింగులో కోత పడిన ప్రతిచోటా ఈ రొద కింద పరిస్తే అతుకు వినబడదు. షాపులో స్పీకర్‌లో పాటలుంటే, "అన్నా, ఈ రెండు గంటలు పాట ఆపుదామా" అని మొదట్లోనే అడగండి. పాట హక్కుల చిక్కు ఒకటి. అంతకంటే ముందు, పల్లవి మధ్యలో కోత పడితే ఎవరికైనా తెలిసిపోతుంది. తిరుపతి వీధుల్లో బస్సు హారన్లు, మైకుల్లో గోవింద నామాలు ఎలాగూ లోపలికి వస్తాయి. వాటిని తప్పించే ప్రయత్నం చేయకండి, విడిగా కిటికీ దగ్గర ఐదు నిమిషాలు రికార్డు చేసి పెట్టుకోండి. మే నెలలో నలభై డిగ్రీల ఎండలో ఫ్యాను గంటసేపు ఆపమంటే ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకున్నా చెమట పట్టిన చర్మం మీద స్టెన్సిల్ నిలవదు. మాటలు తీసుకునే పది నిమిషాలు ఆపి, మళ్ళీ వేయండి.

శుభ్రత విషయంలో మినహాయింపుల్లేవు. సూది చర్మంలోకి ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లు దిగుతుంది, అది తెరిచిన గాయం. హెపటైటిస్ బి, సి, హెచ్ఐవీ రక్తం ద్వారా పాకేవే. కెమెరా పట్టీ తీసేయండి, లెన్సు మూత జేబులో పెట్టుకోండి, చర్మానికీ రంగు కప్పుల బల్లకూ పైనుంచి ఏదీ వేలాడకూడదు. ఆర్టిస్టులు సీసాలకు చుట్టే ప్లాస్టిక్ ఫిల్మ్‌నే కెమెరా పట్టుకునే చోట చుట్టండి, సెషన్ అయ్యాక పారేయండి. వాళ్ళ బల్ల మీది వస్తువు దేన్నీ "ఫ్రేములో బాగుంటుంది" అని జరపొద్దు. మీ చార్జర్లు వాళ్ళ ఎక్స్‌టెన్షన్ బోర్డులో గుచ్చొద్దు, లోడు ఎక్కువై ట్రిప్ అయితే గీత మధ్యలో మిషను ఆగుతుంది.

కస్టమర్‌తో ఒక సైగ మాట్లాడుకోండి: "అక్కా, ఇబ్బందిగా అనిపిస్తే ఈ చెయ్యి ఎత్తండి చాలు, ఆపేస్తాను." సంతకం చేసినా సరే, చెయ్యి లేస్తే కెమెరా దిగాలి. ఒంటి మీద ఎవరి పేరైనా రాయించుకుంటుంటే ఆ పేరు తెర మీద చూపించవచ్చా అని వేరుగా అడగండి. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళ సెషన్ తీయనే వద్దు.

తిరుపతిలో తీసేవాళ్ళకు ప్రత్యేకంగా ఒక మాట. దర్శనం చేసుకుని, గుండు మీద చందనంతో వచ్చి, చేతి మీద నామం వేయించుకుని, రాత్రి రైలుకు ఊరెళ్ళిపోయే యాత్రికులు చాలామంది తగులుతారు. వాళ్ళ ముఖాలు కెమెరాకు గొప్పగా ఉంటాయి. కానీ పచ్చబొట్టు కథ ఆ రోజుతో అయిపోదు. వారంలో పొట్టు రాలుతుంది, మూడు నాలుగు వారాలకు గానీ అసలు రంగు తేలదు. మానిన బొమ్మ షాటు లేకపోతే ఆర్టిస్టు పనితనం సగమే చూపించినట్టు. ప్రధాన సెషన్‌కు ఊళ్ళోనే ఉండే మనిషిని ఎంచుకోండి, నెల తర్వాత అదే కుర్చీలో, అదే వెలుగులో మళ్ళీ తీయండి. తిరుమల గుడిలోకి కెమెరా, ఫోను తీసుకెళ్ళనివ్వరు, కొండ మీద డ్రోన్ నిషేధం. కొండ షాటు షాపు మిద్దె మీద నుంచే తెల్లవారుజామున తీసుకోండి.

చిత్తూరు వైపు పల్లెల్లో ముంజేతుల మీద పాత పచ్చబొట్లున్న అవ్వలు ఇంకా ఉన్నారు. ఎరుకల ఆడవాళ్ళు ఇంటింటికీ తిరిగి, సూదుల కట్టతో మసీ ఆకు పసరూ గుచ్చి వేసినవి. ఆ నలుపు చర్మం లోతునుంచి నీలి పచ్చగా కనబడుతుంది. బల్బు పసుపు వెలుగులో తీస్తే గోధుమరంగులో కలిసిపోయి కనబడకుండా పోతుంది. ఉదయం ఏడు, ఎనిమిది మధ్య, అరుగు నీడలో, పోలరైజర్‌తో, వైట్ బ్యాలెన్స్ తెల్ల కాగితం మీద సరిచేసి తీయండి. "అవ్వా, ఒకసారి చెయ్యి చూపిస్తావా" అని అడిగి, ముందు చూసి, మాట్లాడి, తర్వాతే కెమెరా బయటకు తీయండి. మే నెలలో తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరకు వేషాలతో వచ్చే జనంలోనూ పాత పచ్చబొట్లు, కొత్త టాటూలు పక్కపక్కనే దొరుకుతాయి. అక్కడ మాత్రం వేషం వేసినవాళ్ళను ఆపి పోజు పెట్టించొద్దు, అది వాళ్ళు అమ్మవారికి తీర్చుకునే మొక్కు.

వచ్చే పాఠంలోపు చేయాల్సిన అభ్యాసం: సూది లేకుండా ఒక ఉత్తుత్తి సెషన్. స్నేహితుడి ముంజేతి మీద స్కెచ్ పెన్నుతో బొమ్మ గీయించండి, పక్కన ట్రిమ్మర్ ఆన్ చేసి పెట్టండి, రొద దాదాపు అలాగే ఉంటుంది. గంటలో ఆ నాలుగు ఒక్కసారి షాట్లు, పదిహేను విడి షాట్లు, మిషను రొద, గది నిశ్శబ్దం తీసి, మూడు నిమిషాలకు కుదించండి. మాటలు వినబడని చోట్ల నిమిషం, సెకను రాసిపెట్టుకోండి. ఐదో పాఠంలో ఆర్టిస్టును ఇంటర్వ్యూకు కూర్చోబెట్టేటప్పుడు ఆ జాబితాతోనే మొదలుపెడతాం.