పట్టుకోవడంలో ఎన్ని రకాలో

మా అక్క కూతురికి ఇంగ్లీషు చెప్తుంటే హోల్డ్, క్యాచ్, గ్రాబ్ మూడూ కలగాపులగం అయిపోయేవి. మనకైతే అన్నిటికీ ‘పట్టుకో’ ఒక్కటే చాలు కదా! బట్టీ పట్టించడం మానేసి బంతి తెచ్చాను. గాల్లో వస్తున్నదాన్ని అందుకుంటే క్యాచ్. అందుకున్నాక వదలకుండా ఉంచుకుంటే హోల్డ్. తమ్ముడి చేతిలోంచి చటుక్కున లాక్కుంటే గ్రాబ్. వాడు ఏడుపు లంకించుకున్నాడు గానీ, పాఠం మాత్రం దానికి బాగా ఎక్కింది.

అసలు తంటా హ్యావ్‌తోనే. ‘ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్’ అని మనలో చాలామంది అనేస్తాం. ఉన్నదాన్ని చెప్పేటప్పుడు ‘ఐ హ్యావ్’ అంటే సరి. అన్నం తింటూ ‘హ్యావింగ్ లంచ్’ అంటే మాత్రం తప్పులేదు. కీప్ అంటే ఇక తిరిగివ్వక్కర్లేదు: ఆటో అతనితో ‘కీప్ ద చేంజ్’ అన్నామంటే ఆ చిల్లర ఆయనదే.